చార్మినార్ రూపాయికి నేను చేసిన అన్యాయం

పాత వెండి రూపాయి అసలుదో దొంగదో ఇంట్లోనే తేల్చుకోబోయి నేను రెండు వైపులా తప్పాను. దొంగ నాణేలను అసలువని నమ్మి కొన్నాను. ఆ దెబ్బ తగిలాక, అసలైన నాణేలను దొంగవని తీర్మానించి కరిగించడానికి ఇచ్చేశాను. మొదటి తప్పుకి డబ్బు పోయింది. రెండో తప్పుకి మా అత్తయ్యగారి పుట్టింటివారు పెట్టిన రూపాయలు పోయాయి. డబ్బు మళ్లీ కూడబెట్టుకోవచ్చు. ఆ రూపాయలు మళ్లీ రావు.

రెండు తప్పులకూ మూలం ఒకటేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. చేతిలో ఉన్నది ఏ నాణెమో, దానికి ఎంత బరువుండాలో, అందులో ఎంత వెండి ఉండాలో తెలుసుకోకుండానే పరీక్షలు మొదలుపెట్టాను. కొలతలన్నీ తీశాను గానీ దేనితో పోల్చాలో నాకు తెలియదు. పాత రూపాయలు ఇంట్లో ఉన్నవాళ్లు, కొనాలనుకునేవాళ్లు నాలా నష్టపోకూడదని ఇది రాస్తున్నాను.

నా పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లె, మెట్టినిల్లు జనగామ. రెండిళ్లలోనూ వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు పళ్లెంలో పాత వెండి రూపాయలు పెట్టి పూజ చేసే అలవాటుంది. మా అమ్మ దగ్గరున్నవన్నీ విక్టోరియా రాణి, జార్జి రాజు బొమ్మలవి. నా దృష్టిలో పాత రూపాయి అంటే అదే. కూతురికీ కోడలికీ చెరికొన్ని ఇవ్వాలని నాకు కోరిక. మా అమ్మ రూపాయలు అక్కచెల్లెళ్ల మధ్య పంచుకోగా నా వాటాకు వచ్చినవి ఇద్దరికీ సరిపోవు. కొని కలుపుదామనుకున్నాను.

అప్పుడే ఒక తిరునాళ్లలో ఒకతను కనిపించాడు. ఏదో ఊళ్లో పాత ఇంటి పునాది తవ్వుతుంటే కుండ దొరికిందని, అందులోవే ఈ రూపాయలని చెప్పాడు. నేను అడక్కముందే జేబులోంచి అయస్కాంతం తీసి నాణెం మీద పెట్టాడు. అంటుకోలేదు. రాతి మీద వేసి చూపించాడు. ఖంగుమంది. “చూసుకోండమ్మా, వెండి కాకపోతే ఇట్లా మోగుతుందా?” అన్నాడు. అన్నీ విక్టోరియా రూపాయలే, నల్లగా మాసి పాతవిగానే ఉన్నాయి. వెండి ధర కంటే కొంచెం ఎక్కువే ఇచ్చి తెచ్చుకున్నాను.

శ్రావణమాసంలో పూజకు తీసి వరసగా పేర్చినప్పుడు తేడా కనిపించింది. మూడు రూపాయల మీద రాణి గడ్డం కింద ఒకే చోట ఒకే సొట్ట ఉంది. ఒక నాణెం కింద పడితే దానికి సొట్ట పడుతుంది. మూడు నాణేలు వేర్వేరు చేతుల్లో తిరిగి, ఒకే చోట, ఒకే లోతున సొట్టలు పడటం జరగదు. సొట్టపడ్డ ఒక నాణెం నుంచి మూస తీసి, అందులో పోస్తేనే అలా వస్తుంది.

మా కుటుంబానికి నగలు చేసే ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తక్కెడలో వేసి చూసి, నా అనుమతి అడిగి, ఒకదాని అంచున ఆకురాయితో రెండుసార్లు రాశారు. పైన తెల్లటి పొర పోయి పసుపు రంగు బయటపడింది.

“ఇత్తడి మీద వెండి పూత పూశారమ్మా. ఏం చూసి కొన్నారు?”

“అయస్కాంతం అంటుకోలేదండీ.”

“ఇత్తడీ అంటుకోదు, రాగీ అంటుకోదు, సీసమూ అంటుకోదు. జర్మన్ సిల్వర్ కూడా అంటుకోదు. అయస్కాంతం అంటుకుంటే వెండి కాదని చెప్పొచ్చు. అంటుకోకపోతే వెండి అని చెప్పలేం.”

ఆ మాటను నేను అన్ని పరీక్షలకూ వర్తింపజేసుకోవాల్సింది. ఇంట్లో చేసే పరీక్ష ఏదైనా నాణెం తప్పిందని చెప్పగలదు గానీ, నెగ్గినంత మాత్రాన అసలుదని హామీ ఇవ్వలేదు. మోగడం కూడా అంతే. ఇత్తడి కూడా మోగుతుంది. నాణెం మీద మంచు ముక్క పెడితే త్వరగా కరుగుతుంది, అదే వెండికి గుర్తు అని కొందరు చెబుతారు. వెండి వేడిని బాగా ప్రసరింపజేసే మాట నిజమే. రాగి కూడా దాదాపు అంతే ప్రసరింపజేస్తుంది. కాబట్టి దానితో తేలేదేమీ లేదు.

ఇంకొకటి కూడా గమనించాను. అమ్మేవాడు తనంతట తాను చేసి చూపించే పరీక్షలు, ఆ దొంగ నాణెం నెగ్గేటట్టు ముందే చూసుకున్నవే. అయస్కాంతం తెచ్చినవాడు తక్కెడ తేలేదు. తెచ్చి ఉంటే అక్కడే బయటపడేది. బ్రిటిష్ వారి వెండి రూపాయి సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. అదే పరిమాణంలో ఇత్తడితో చేస్తే పది గ్రాములు కూడా తూగదు. నేను కొన్నవి అలాగే ఉన్నాయి. కుండలో దొరికాయన్న కథ కూడా నన్ను హెచ్చరించాల్సింది. భూమిలో దొరికిన పాతర గురించి జిల్లా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. కథ అబద్ధమైతే నాణెం దొంగది, నిజమైతే అమ్మకం దొంగది. ఎటు చూసినా కొనకూడనిదే.

అంతవరకు నేర్చుకుని ఆగి ఉంటే బాగుండేది. మోసపోయిన కోపంలో ఇంట్లో ఉన్న పాత నాణేలన్నీ పరీక్షించాలనుకున్నాను. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ తూకం కొన్నాను. 11.66 అనే అంకెను మనసులో గట్టిగా పట్టుకున్నాను. మా అమ్మ ఇచ్చినవి 11.5కీ 11.6కీ మధ్య తూగాయి. చేతులు మారి అరిగిన రూపాయి ఆ మాత్రం తగ్గుతుంది. సంతోషించాను.

తర్వాత మా అత్తయ్యగారి గుడ్డ సంచిలోని రూపాయలు తీశాను. వాటి మీద రాజు లేడు, రాణి లేదు, ఇంగ్లీషు అక్షరం లేదు. ఒక వైపు చార్మినార్, చుట్టూ నేను చదవలేని లిపి. తూచితే ఒక్కటీ 11.2 దాటలేదు. అన్నీ దాదాపు అర గ్రాము తక్కువ. ఎవరో చార్మినార్ బొమ్మ వేసి చేసిన బిళ్లలని, కల్తీ వెండి అని నాలో నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఆ పెద్దావిడను ఎవరో ఎప్పుడో మోసం చేశారని జాలి కూడా పడ్డాను. బీరువా తాళాలు నా చేతికిచ్చి ఏళ్లయింది కాబట్టి, అవి మార్చి మంచి వెండి కుందులు తెచ్చి చూపిద్దామనుకున్నాను. ఆచారిగారిని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. నాకు తెలిసిపోయిందనుకున్నాను.

దుకాణంలో కరిగించి పరీక్షించి, నూటికి దాదాపు ఎనభై రెండు పాళ్లు వెండి ఉందని చీటీ రాసిచ్చారు. బ్రిటిష్ రూపాయిలో ఉండాల్సింది 91.7 పాళ్లని అప్పటికి చదివి ఉన్నాను. చూశావా, కల్తీయే అనుకున్నాను. నా తప్పుకి సాక్ష్యంగా నిలవాల్సిన అంకెను నా గెలుపుగా చదువుకున్నాను.

కుందులు చూసి అత్తయ్యగారు ముందు మురిసిపోయారు. వెండి ఎక్కడిదని అడిగి, చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నారు: “నన్నొక్క మాట అడిగితే అయిపోవు గద బిడ్డా. అవి హాలీ రూపాయలు. మా అమ్మ నా పెండ్లిల పెట్టింది. మీ దిక్కు నడిచినవి కల్దార్లు. రెండింటి లెక్క వేరు.”

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. కరిగించక ముందు చదవాల్సిందంతా కరిగించాక చదివాను. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ రూపాయిని అక్కడివాళ్లు కల్దార్ అనేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1903 ప్రాంతంలో, హైదరాబాద్ టంకశాల సైఫాబాద్‌కు మారి, యంత్రాల మీద చార్మినార్ బొమ్మతో రూపాయలు కొట్టడం మొదలైంది. ఆ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. నా తూకం చూపించిందీ, దుకాణం చీటీలో ఉన్నదీ అదే. ఆ నాణేలు తమ ప్రమాణానికి ఎక్కడా తప్పలేదు. వాటిని నేను వేరే రాజ్యపు ప్రమాణంతో కొలిచాను.

చివరి రోజుల్లో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు మారకంగా నడిచాయి. కాగితం మీద లెక్క వేసి చూశాను. కల్దార్‌లో అసలు వెండి 10.69 గ్రాములు, హాలీలో 9.14. నిష్పత్తి దాదాపు ఏడుకు ఆరే. అత్తయ్యగారు చెప్పిన “లెక్క వేరు” అన్న మాటలో ఇదంతా ఉంది.

అప్పటినుంచి నేను పాటిస్తున్న క్రమం ఇది. ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు.

మొట్టమొదట తక్కెడ తీయకూడదు. నాణెం చదవాలి. ఏ రాజ్యానిది, ఎవరి పేరు, ఏ సంవత్సరం అన్నవి చూడాలి. పదింతలు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉంటే చాలు. చదవడంలోనే చాలా దొంగ నాణేలు దొరికిపోతాయి. కంపెనీ పాలన 1858తో ముగిసింది. 1862 నుంచి రూపాయి మీద “ఇండియా” అని ఉంటుంది. కాబట్టి “ఈస్ట్ ఇండియా కంపెనీ” అని రాసి 1862 సంవత్సరం ఉన్న రూపాయి ఉండటానికి వీల్లేదు. విక్టోరియా చక్రవర్తిని బిరుదు రూపాయి మీదికి వచ్చింది 1877లో. అంతకు ముందు సంవత్సరంతో “ఎంప్రెస్” అని కనిపిస్తే అది దొంగది. ఎడ్వర్డ్ రాజు రూపాయి మీద తలకు కిరీటం ఉండదు. 1818 అని వేసి రామపట్టాభిషేకం బొమ్మతో, కంపెనీ పేరుతో తిరిగే బిళ్లలు కంపెనీ ఎన్నడూ చలామణికి తెచ్చినవి కావు. పూజలో పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, పాత నాణెం ధర ఇచ్చి కొనకూడదు.

చార్మినార్ రూపాయి చదవడం కూడా నేర్చుకున్నాను. చార్మినార్ మధ్య ద్వారంలో ఒక చిన్న అరబిక్ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలానివైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలానివైతే ఐన్. నాణెం మీద హిజ్రీ సంవత్సరంతో పాటు పాలనా సంవత్సరం కూడా ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో, అంటే హిజ్రీ 1329. ఐన్ అక్షరం ఉన్న నాణెం మీద అంతకు ముందు సంవత్సరం ఉండకూడదు, హిజ్రీ సంవత్సరానికీ పాలనా సంవత్సరానికీ పొంతన కుదరాలి. ఆ అంకెలు పది గుర్తుపట్టడానికి ఒక సాయంత్రం చాలు. ఆ సాయంత్రం నేను ముందే వెచ్చించి ఉండాల్సింది.

నాణెం ఏదో తేలాక దాని ప్రమాణం రాసుకోవాలి. 1835 నుంచి 1939 వరకు బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. యుద్ధకాలంలో వెండికి కరువొచ్చి, 1940 నుంచి అదే బరువులో వెండిని సగానికి తగ్గించారు. మిగతాది రాగి, నికెల్, జింకు. ఆ ఆరో జార్జి రూపాయి మెరుపు వేరుగా ఉంటుంది, గీస్తే కొంచెం పసుపుగా కనిపిస్తుంది. అంతమాత్రాన దొంగది కాదు. అలాంటి చాలా నాణేలకు అంచు గీతల మధ్య ఒక గాడి కూడా ఉంటుంది. దొంగ నాణేలు చేసేవాళ్లను అడ్డుకోవడానికి టంకశాల పెట్టిన రక్షణ అది. 1947 నాటి పులి బొమ్మ రూపాయి అసలు వెండే కాదు, నికెల్. అది అయస్కాంతానికి అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా.

ఇప్పుడు తూకం. అరిగిన నాణెం కాస్త తగ్గుతుంది. ప్రమాణం కంటే ఎక్కువ తూగితే మాత్రం అనుమానించాలి. అరుగుదలతో బరువు పెరగదు కదా. దీనికి ఒక మినహాయింపుంది. లంబాడీ ఆడవాళ్ల దండల్లోంచి, కాసుల పేర్లలోంచి తీసిన రూపాయలకు కొక్కెం అతికిన మాటు అంచున మిగిలి ఉంటుంది. అలాంటిది కొంచెం ఎక్కువ తూగవచ్చు, మోత కూడా మొద్దుగా రావచ్చు. మాటు మరక కనిపిస్తే ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాలి. తూకం తర్వాత అడ్డుకొలత. బ్రిటిష్ రూపాయి దాదాపు 30.5 మిల్లీమీటర్లు. మూసలో పోసిన లోహం ఆరుతూ కుంచించుకుపోతుంది కాబట్టి పోత నాణెం రవ్వంత చిన్నదిగా ఉండటం మామూలే.

తర్వాత నీళ్ల పరీక్ష. నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. డిజిటల్ తూకం మీద గ్లాసు నీళ్లు పెట్టి అంకెను సున్నా చేయాలి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుక్కీ పక్కలకీ తగలకుండా వేలాడదీయాలి. గాలి బుడగలు అంటుకుని ఉంటే పోగొట్టాలి. అప్పుడు తూకం చూపించే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 91.7 శాతం వెండి రూపాయికి అది 10.3 దగ్గర రావాలి. అంటే 11.66 గ్రాముల నాణేనికి తూకం 1.13 దగ్గర చూపిస్తుంది. జర్మన్ సిల్వర్‌తో అదే బరువులో చేస్తే 1.34 దాకా చూపిస్తుంది. సగం వెండి ఉన్న 1940 తర్వాతి రూపాయికి 1.22 దగ్గర వస్తుంది. హాలీ రూపాయికి సాంద్రత 10.2 దగ్గర, తూకం మీద అంకె 1.10. అరిగితే బరువు తగ్గుతుంది గానీ సాంద్రత మారదు. అందుకే బాగా అరిగిన రూపాయికి కూడా ఇది న్యాయం చేస్తుంది.

ఇది కూడా ఒంటరిగా చాలదు. సీసం వెండి కంటే బరువైంది. సీసంలో తగరం పాళ్లు సరిగా కలిపితే సాంద్రతను వెండికి దగ్గరగా తేవచ్చు. అలాంటిది మోతలో దొరికిపోతుంది, మొద్దుగా వస్తుంది. ఒక పరీక్షను తప్పించుకునే నాణెం ఇంకోదాంట్లో చిక్కుతుంది. అందుకే అన్నీ చేయాలి, ఏ ఒక్కదాన్నీ తీర్పుగా తీసుకోకూడదు.

చివరగా మళ్లీ భూతద్దం. టంకశాలలో నాణేన్ని అచ్చుల మధ్య పెట్టి బలంగా కొడతారు కాబట్టి అక్షరాల అంచులు పదునుగా, ఖాళీ జాగా నున్నగా ఉంటుంది. పోత నాణెంలో సన్నటి గుంటలుంటాయి, అక్షరాలు మెత్తబడి ఉంటాయి, అంచు చుట్టూ అతుకు గీత కనిపించవచ్చు. పూత పూసినదైతే రాణి బుగ్గ, కిరీటం లాంటి ఎత్తు భాగాల్లో ముందుగా అరిగి లోపలి రంగు బయటపడుతుంది. ఒకే రకం నాణేలు నాలుగైదు ఉంటే పక్కపక్కన పెట్టి, ఒకే చోట ఒకే మచ్చ ఉందేమో చూడాలి.

ఇంత చేసినా ఇంట్లో తేలని నాణేలున్నాయి. 1939 బ్రిటిష్ రూపాయి చాలా అరుదు, ధర చాలా ఎక్కువ. 1938 రూపాయిలో చివరి 8ని చెక్కి 9గా మార్చేవాళ్లున్నారు. అది అసలు రూపాయే, అసలు వెండే. తూకం, నీళ్లు, మోత అన్నిట్లోనూ నెగ్గుతుంది. నగల దుకాణాల్లోని ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం కూడా పై పొరలో ఏ లోహం ఎంతుందో చెబుతుంది గానీ, ఆ తొమ్మిదిని ఎవరు చెక్కారో చెప్పదు. అరుదైన సంవత్సరమని ఎక్కువ ధర చెబితే, నాణేలు బాగా తెలిసినవారికి చూపించకుండా కొనకూడదు.

చేయకూడనివి మూడున్నాయి. ఆసిడ్ చుక్క వేయకూడదు, అంచు రాయకూడదు. ఆచారిగారు రాసింది దొంగదని అప్పటికే తూకంలో తేలిన నాణేన్ని. అసలు నాణెం మీద ఆ గీత శాశ్వతంగా ఉండిపోతుంది. మూడోది, తోమకూడదు. ఇది నా మూడో తప్పు. మా అమ్మ రూపాయలను ఏటా చింతపండుతో, ముగ్గుపిండితో తళతళలాడేలా తోమేదాన్ని. గాలిలోని గంధకంతో కలిసి వెండి మీద ఏర్పడే నల్లటి పొర లోహానికి హాని చేయదు. అది దశాబ్దాల మీద సహజంగా ఏర్పడింది కాబట్టి పరీక్షించేవారికి ఒక ఆధారం కూడా. దాన్ని పోగొట్టే చేతితోనే అక్షరాల పదును కూడా పోగొట్టాను. సేకరించేవాళ్లు తోమిన నాణేనికి తక్కువ ధర కడతారు. పూజకు శుభ్రంగా ఉండాలనుకుంటే మంచినీళ్లలో ముంచి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.

ఈ క్రమంలో అందరికంటే ముందుండాల్సింది ఇంట్లోని పెద్దవాళ్లు. మా ఇంట్లో హాలీకీ కల్దార్‌కీ తేడా తెలిసిన మనిషి పక్క గదిలోనే ఉన్నారు. నేను తూకాన్ని అడిగాను, దుకాణాన్ని అడిగాను, ఆమెను అడగలేదు. ఆమె నన్ను మళ్లీ ఒక్క మాట అనలేదు. ఆ సంచిలోని రూపాయల గురించి, తన పెళ్లి గురించి, అప్పటి మారకం లెక్కల గురించి నేను అడిగిన కొద్దీ చెప్పారు. అవన్నీ రాసుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి పాత నాణేనికీ ఒక కాగితం పొట్లం ఉంది. మీద ఏ నాణెమో, బరువెంతో, నీళ్ల లెక్క ఎంత వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. తేలనివాటి మీద “తేలలేదు” అని రాసి పక్కన పెట్టాను. అలా పెట్టడానికి నాకిప్పుడు సంకోచం లేదు. వెండి నిలవ ఉంటే పాడైపోదు. ఈ ఏడు తెలియనిది వచ్చే ఏడు తెలియవచ్చు. కొనేటప్పుడు తొందరపడకండి, ఎంత మంచి బేరమైనా సరే. కరిగించేటప్పుడు అంతకు రెండింతలు నిదానించండి. దొంగ నాణెం కొంటే ఆ పొరపాటు మనింట్లోనే ఉంటుంది, ఎప్పటికైనా బయటపడుతుంది. అసలు నాణెం కరిగిస్తే, తప్పు చేశామని తెలుసుకునే అవకాశం కూడా దానితోపాటే కరిగిపోతుంది. మా ఇంట్లో చెప్పడానికి అత్తయ్యగారు ఉన్నారు కాబట్టి నాకు తెలిసింది. మీ ఇంట్లో అలా చెప్పగలిగినవాళ్లు ఉంటే, ముందు వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసుకోండి. తూకం తర్వాత తీయవచ్చు.